ల్యాప్‌టాప్ ఆన్ అవ్వడానికి ఐదు నిమిషాలా? ముందు ఆ టైమ్ ఎక్కడ పోతోందో చూడండి

మొన్న డిసెంబర్‌లో ఒక రోజు ఉదయం 10:05కి చెల్లి ఫోన్ చేసింది. "అన్నయ్యా, టెస్ట్ స్టార్ట్ అయిపోయింది, ఈ ల్యాప్‌టాప్ ఇంకా తిరుగుతూనే ఉంది!" తను బీటెక్ థర్డ్ ఇయర్. ఆ రోజు పది గంటలకు ఇంటర్న్‌షిప్ ఆన్‌లైన్ టెస్ట్. తను 9:52కే ల్యాప్‌టాప్ ఆన్ చేసింది. డెస్క్‌టాప్ వచ్చింది, బ్రౌజర్ క్లిక్ చేస్తే తెల్ల స్క్రీన్. కంగారులో రీస్టార్ట్ కొట్టింది. అంతే, మళ్లీ మొదటి నుంచి ఐదు నిమిషాలు. లాగిన్ అయ్యేసరికి తొమ్మిది నిమిషాలు పోయాయి. టైమర్ మన కోసం ఆగదు కదా, చివరి సెక్షన్ సగం వదిలేయాల్సి వచ్చింది. ఆ టెస్ట్ క్లియర్ కాలేదు.

ఆ ల్యాప్‌టాప్ నాదే. 2018లో నేను బీటెక్‌లో చేరినప్పుడు కొన్నది. ఎనిమిదో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. నాకు జాబ్ వచ్చాక చెల్లికి ఇచ్చేశా. "స్లోగా ఉంది అన్నయ్యా" అని తను ఏడాదిగా చెప్తూనే ఉంది. నేను "అనవసరమైన యాప్స్ తీసేయ్" అని ఫోన్‌లోనే తేల్చేసేవాణ్ని. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని అయ్యుండి ఒక్కసారి కూడా కూర్చుని చూడలేదు. అందుకే సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు ముగ్గులు, గాలిపటాలు పక్కన పెట్టి దీని మీదే పడ్డా. ఏం చూశానో, ఎక్కడ తప్పు చేశానో వరుసగా చెప్తా.

ముందు కొలవండి

స్టార్టప్ స్లో అనగానే అందరం సెట్టింగ్స్ మార్చడం మొదలెడతాం. అసలు టైమ్ ఎక్కడ పోతోందో తెలియకుండా ఏం మార్చినా చీకట్లో రాయి వేసినట్టే. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి బ్రౌజర్ వాడే వరకు జరిగేదాన్ని మూడు ముక్కలుగా చూడండి. మొదటిది బయోస్, అంటే కంపెనీ లోగో కనిపించే టైమ్. రెండోది విండోస్ లోడ్ అయ్యి డెస్క్‌టాప్ వచ్చే వరకు. మూడోది డెస్క్‌టాప్ వచ్చాక కూడా ఏదీ కదలకుండా మనల్ని ఏడిపించే టైమ్. చెల్లికి టెస్ట్ పోయింది ఈ మూడో ముక్కలోనే.

ఈ లెక్కలన్నీ విండోస్ తనంతట తనే రాసి పెట్టుకుంటుంది, చాలామందికి తెలియదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ ట్యాబ్‌కి వెళ్తే కుడివైపు పైన 'లాస్ట్ బయోస్ టైమ్' అని సెకన్లలో ఉంటుంది. అది మొదటి ముక్క. మిగతా రెండూ ఈవెంట్ వ్యూయర్‌లో ఉంటాయి. స్టార్ట్ మెనూలో ఆ పేరు టైప్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేయండి. ఎడమవైపు అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, దాని లోపల మైక్రోసాఫ్ట్, తర్వాత విండోస్, తర్వాత డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్, చివరగా ఆపరేషనల్. అక్కడ ఈవెంట్ నంబర్ 100 కోసం చూడండి. ఒక్కో బూట్‌కి ఎంత టైమ్ పట్టిందో మిల్లీసెకన్లలో ఉంటుంది. డీటెయిల్స్ ట్యాబ్‌లో 'మెయిన్ పాత్ బూట్ టైమ్' అంటే డెస్క్‌టాప్ వచ్చే వరకు, 'బూట్ పోస్ట్ బూట్ టైమ్' అంటే ఆ తర్వాత సిస్టమ్ సద్దుమణిగే వరకు. అదే లిస్ట్‌లో 101, 102, 103 నంబర్లు కనిపిస్తే ఇంకా మంచిది. ఏ అప్లికేషన్, ఏ డ్రైవర్, ఏ సర్వీస్ ఆలస్యం చేసిందో పేరుతో సహా చెప్తాయి.

మా ల్యాప్‌టాప్ లెక్క ఇదీ: బయోస్ 21 సెకన్లు. మెయిన్ పాత్ 88,000 మిల్లీసెకన్లు, పోస్ట్ బూట్ 1,76,000. మొత్తం కలిపితే 285 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల ముప్పావు. చెల్లి ఐదు నిమిషాలు అన్నప్పుడల్లా ఎక్కువ చేసి చెప్తోంది అనుకునేవాణ్ని. సారీ చెప్పా.

ఒక చిన్న జాగ్రత్త. కొలిచేటప్పుడు షట్‌డౌన్ చేసి ఆన్ చేయకండి, రీస్టార్ట్ చేయండి. ఈ రెండూ ఒకటి కాదు, ఎందుకో కింద చెప్తా.

బయోస్, స్టార్టప్ యాప్స్: తేలికైన పని, కొంచెమే లాభం

21 సెకన్ల బయోస్ టైమ్ నాకు వింతగా అనిపించింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే బూట్ ఆర్డర్‌లో మొదట నెట్‌వర్క్ బూట్, తర్వాత డీవీడీ, ఆ తర్వాతే హార్డ్ డిస్క్. అంటే ఆన్ చేసిన ప్రతిసారీ నెట్‌వర్క్‌లో ఎవరైనా విండోస్ ఇస్తారేమో అని వెతికి, లేదని తెలుసుకుని, అప్పుడు డిస్క్ దగ్గరికి వస్తోంది. విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చా, 21 కాస్తా 7 అయింది. బయోస్‌లోకి వెళ్లే కీ ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఎఫ్2, ఎఫ్10, డిలీట్, వీటిలో ఏదో ఒకటి సాధారణంగా పనిచేస్తుంది. అక్కడ బూట్ ఆర్డర్ తప్ప తెలియనిదేదీ ముట్టుకోకండి.

స్టార్టప్ యాప్స్ చూస్తే 17 ఆన్‌లో ఉన్నాయి. మీటింగ్ యాప్, మ్యూజిక్ యాప్, నేను ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసిన గేమ్ లాంచర్, ఇప్పుడు ఇంట్లోనే లేని ప్రింటర్ తాలూకు యుటిలిటీ. ప్రతి యాప్ పక్కన 'స్టార్టప్ ఇంపాక్ట్' అని హై, మీడియం, లో ఉంటాయి కదా, అవి ఏదో అంచనా కాదు. స్టార్టప్‌లో ఒక సెకను కంటే ఎక్కువ సీపీయూ టైమ్ గానీ, 3 ఎంబీ కంటే ఎక్కువ డిస్క్ రీడ్-రైట్ గానీ వాడితే హై. 300 మిల్లీసెకన్ల లోపు సీపీయూ, 300 కేబీ లోపు డిస్క్ అయితే లో. మధ్యలోవి మీడియం. రైట్ క్లిక్ చేసి డిసేబుల్ కొడితే యాప్ డిలీట్ అవ్వదు. మనం పిలిచినప్పుడు వస్తుంది, పిలవకుండా రాదు. అంతే తేడా. టచ్‌ప్యాడ్, ఆడియో, విండోస్ సెక్యూరిటీ లాంటివి మాత్రం వదిలేయండి. 13 ఆపేశా.

ఇంకోటి, ఈ లిస్ట్‌లో సరిగ్గా కనపడని బరువు యాంటీవైరస్. మా దాంట్లో రెండున్నాయి. ఒకటి కొన్నప్పుడు ఫ్రీ ట్రయల్‌గా వచ్చింది, ఎప్పుడో ఎక్స్‌పైర్ అయిపోయింది. ట్రయల్ అయిపోయినా దాని సర్వీసులు, డ్రైవర్లు మాత్రం రోజూ డ్యూటీకి వస్తూనే ఉన్నాయి. రెండూ తీసేశా. విండోస్‌లో ఉన్న డిఫెండర్ తనంతట తనే ఆన్ అయింది.

ఇంత చేశాక పోస్ట్ బూట్ టైమ్ 176 సెకన్ల నుంచి 131కి వచ్చింది. నిజం చెప్పాలంటే డీలా పడ్డా. చాలా వీడియోలు ఇక్కడితో "మీ పీసీ రాకెట్ అయిపోతుంది" అని ఆగిపోతాయి. నాకు ఇంకా రెండు నిమిషాలు ఎక్కడో కారిపోతున్నాయి.

షట్‌డౌన్ చేసినా 19 రోజులుగా నడుస్తున్న కంప్యూటర్

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్, సీపీయూ దగ్గర 'అప్ టైమ్' ఉంటుంది. నేను మొదటిసారి ఓపెన్ చేసిన రోజు అది 19 రోజులు చూపించింది. "రోజూ షట్‌డౌన్ చేస్తున్నా అన్నయ్యా" అంటుంది చెల్లి. ఇద్దరూ కరెక్టే! విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. షట్‌డౌన్ కొట్టినప్పుడు మన యాప్స్ అన్నీ మూసేస్తుంది, కానీ కెర్నల్‌నీ డ్రైవర్లనీ మెమరీలో ఎలా ఉన్నాయో అలాగే డిస్క్ మీద ఒక ఫైల్‌లోకి రాసి పడుకుంటుంది. మళ్లీ ఆన్ చేస్తే ఆ ఫైల్‌ని గబగబా చదివి లేస్తుంది. రీస్టార్ట్‌లో ఈ షార్ట్‌కట్ ఉండదు, అన్నీ మొదటి నుంచి లోడ్ అవుతాయి. కొలవడానికి రీస్టార్ట్ చేయమన్నది అందుకే. చెల్లి కంగారులో రీస్టార్ట్ కొట్టి ఇంకా ఎక్కువ టైమ్ పోగొట్టుకుంది కూడా అందుకే.

హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లు దీన్ని ఆన్‌లోనే ఉంచండి, లాభం ఉంటుంది. కాకపోతే వారానికోసారైనా రీస్టార్ట్ చేయండి, లేదంటే ఏదైనా డ్రైవర్ తిక్కగా ప్రవర్తిస్తుంటే ఆ తిక్క కూడా రోజూ సేవ్ అయ్యి తిరిగొస్తుంది. లైనక్స్‌తో డ్యూయల్ బూట్ చేసుకున్నవాళ్లు మాత్రం ఆఫ్ చేయండి. సగం నిద్రలో ఉన్న విండోస్ పార్టిషన్‌లోకి ఇంకో సిస్టమ్ రాయడం ప్రమాదం. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింక్ ఉంటుంది, ఇది అక్కడే దొరుకుతుంది. ఒక్కసారికి పూర్తి షట్‌డౌన్ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేస్తే చాలు.

అసలు దొంగ డిస్క్

రీస్టార్ట్ చేసి డెస్క్‌టాప్ రాగానే టాస్క్ మేనేజర్ తెరిచి ఊరికే చూస్తూ కూర్చున్నా. సీపీయూ 15 శాతం, ర్యామ్ సగం ఖాళీ, డిస్క్ 100 శాతం. ఎర్రగా అలాగే ఉండిపోయింది.

ఎందుకో ఒక చిన్న లెక్క. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 90. ఒక్క చుట్టుకి 11 మిల్లీసెకన్లు. మనకు కావలసిన డేటా హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు ఆగాలి. హెడ్ ఆ ట్రాక్ దగ్గరికి జరగడానికి ఇంకో పది పైచిలుకు. మొత్తం మీద ఒక్కో రీడ్‌కి 15 మిల్లీసెకన్లు అనుకున్నా, చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను సెకనుకి అరవై, డెబ్భై సార్లకు మించి చదవలేదు. బూట్ టైమ్‌లో విండోస్, సర్వీసులు, యాప్స్ అన్నీ ఒకేసారి వేల సంఖ్యలో ఇలాంటి చిన్న రీడ్స్ అడుగుతాయి. పెళ్లి భోజనాల్లో ఐదు వందల మందికి ఒక్కడే వడ్డిస్తున్నట్టు అన్నమాట. ఎస్ఎస్‌డీలో తిరిగేది, జరిగేది ఏదీ లేదు, మామూలు సాటా ఎస్ఎస్‌డీ కూడా సెకనుకి ఇలాంటివి వేలల్లో లాగేస్తుంది. అందుకే పెద్ద సినిమా ఫైల్ కాపీలో కంటే బూట్ టైమ్‌లోనే దాని తేడా బాగా తెలుస్తుంది.

ఇంతవరకు ఓకే. ఇక్కడే నేను తప్పు చేశా. "సరే, హైదరాబాద్ వెళ్లి ఎస్ఎస్‌డీ తెద్దాం, ఈలోపు డీఫ్రాగ్ చేద్దాం" అని ఆ రాత్రి ఆప్టిమైజ్ కొట్టి పడుకోవడానికి రెడీ అయ్యా. రెండు గంటల తర్వాత చూస్తే 11 శాతం. ఇది స్లో కాదు, ఇంకేదో. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ మీద క్లిక్ చేసి 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్' చూశా. 600 మిల్లీసెకన్లు, 1,800, ఒకసారి 4,000 కూడా. ఎంత లోడ్‌లో ఉన్నా మంచి హార్డ్ డిస్క్ ఒక చిన్న రీడ్‌కి మాటిమాటికీ సెకన్లు తీసుకోదు.

వెంటనే డీఫ్రాగ్ ఆపేసి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఫ్రీ టూల్ రన్ చేశా. డిస్క్ తన ఆరోగ్యం గురించి లోపల రాసుకునే స్మార్ట్ డేటాని ఇది చదివి చూపిస్తుంది. నీలం అంటే బాగుంది, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే అయిపోయింది. మాది పసుపు. సీ5 నంబర్ వరుసలో, అంటే 'కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్' దగ్గర 38 అని ఉంది. ఆ కాలమ్ మామూలుగా హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది, కాబట్టి అది 38 కాదు, 56. చదవడానికి మొరాయిస్తున్న 56 సెక్టర్లు. అలాంటి చోటు తగిలినప్పుడల్లా డిస్క్ వదిలేయదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, అంతసేపూ విండోస్ ఎదురుచూస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే 'డిస్క్' పేరుతో 7, 153 నంబర్ల ఎంట్రీలు నెలల క్రితం నుంచీ ఉన్నాయి. 7 అంటే బ్యాడ్ బ్లాక్, 153 అంటే ఒక రీడ్ లేదా రైట్‌ని మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. ల్యాప్‌టాప్ ఏడాదిగా చెప్తూనే ఉంది, చెల్లి కూడా చెప్తూనే ఉంది, విననిది నేనే.

పోయే డిస్క్‌కి డీఫ్రాగ్ చేయడం అంటే జ్వరంతో ఉన్నవాడి చేత ఇల్లంతా సర్దించడం. మీకు సీ5, సీ6, 05 వరుసల్లో సున్నా కాకుండా నంబర్లు కనిపించి, రోజురోజుకీ పెరుగుతుంటే బూట్ స్పీడ్ సంగతి తర్వాత. డీఫ్రాగ్ వద్దు, డిస్క్ అంతా స్కాన్ చేసే రిపేర్ కమాండ్లు కూడా వద్దు. ముందు ముఖ్యమైన ఫోల్డర్లు వేరే చోటికి కాపీ చేయండి, అది కూడా చిన్నవీ విలువైనవీ ముందు. నేను చెల్లి ప్రాజెక్ట్, సర్టిఫికెట్ల స్కాన్లు మొదట తీశా, ఐదు నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత ఫొటోలు. చివరికి 2019లో తాతయ్య సహస్ర చంద్ర దర్శనం వీడియోల దగ్గర కాపీ ఆగిపోయింది. తాతయ్య ఇప్పుడు లేరు. రాత్రి రెండింటి దాకా కూర్చుంటే రెండు క్లిప్‌లు తప్ప అన్నీ వచ్చాయి. ఆ రెండింటిలో ఒకటి బాబాయ్ ఫోన్‌లో వాట్సాప్ క్వాలిటీలో దొరికింది. రెండోది ఇక లేదు. డీఫ్రాగ్ కొట్టకుండా ఉంటే వచ్చేదేమో.

ఎస్ఎస్‌డీ వేశాక

కొనే ముందు ఒక్కటే చూసుకోండి: మీ ల్యాప్‌టాప్ ఏది తీసుకుంటుంది. 2.5 అంగుళాల సాటానా, ఎం.2 స్లాట్ ఉందా, ఉంటే అందులో ఎన్‌వీఎంఈ పనిచేస్తుందా లేక సాటా మాత్రమేనా. మోడల్ నంబర్‌తో కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. హార్డ్ డిస్క్ నుంచి మారేవాళ్లకి సాటాకీ ఎన్‌వీఎంఈకీ బూట్‌లో తేడా పెద్దగా తెలియదు, దాని కోసం అప్పు చేయక్కర్లేదు. మేం 512 జీబీ సాటా తీసుకున్నాం.

పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే క్లోనెజిల్లా లాంటి ఫ్రీ టూల్‌తో ఉన్నది ఉన్నట్టు క్లోన్ చేసుకోవచ్చు, కొత్తది పాతదానికంటే చిన్నది కాకపోతే పని సులువు. మా డిస్క్ జబ్బుది కాబట్టి ఫ్రెష్‌గా విండోస్ 11 వేశా. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఎలాగూ మార్చాల్సిందే. ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్, టీపీఎం 2.0 ఉండటంతో అడ్డు రాలేదు. లైసెన్స్ మదర్‌బోర్డ్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి అదే ఎడిషన్ వేస్తే కీ అడగకుండానే యాక్టివేట్ అయింది. పాత డిస్క్‌ని కేస్‌లో పెట్టి ఎక్స్‌టర్నల్‌గా వాడుకోమని ఊళ్లో షాపులో సలహా ఇచ్చారు. 56 పెండింగ్ సెక్టర్లు చూశాక దాంట్లో పాత పాటలు కూడా పెట్టబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఈవెంట్ 100 చెప్పే లెక్క: మెయిన్ పాత్ 13 సెకన్లు, పోస్ట్ బూట్ 18. బయోస్ 7. మొత్తం 38 సెకన్లు. అదే ప్రాసెసర్, అదే ర్యామ్. మీ దాంట్లో 4 జీబీ ర్యామే ఉంటే ఇంకో 4 వేయించండి, డెస్క్‌టాప్ వచ్చాక తేడా కనిపిస్తుంది. మాకు ఆ అవసరం రాలేదు.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే చిట్కాల గురించి రెండు మాటలు. ఎంఎస్ కాన్ఫిగ్‌లో బూట్ ట్యాబ్‌కి వెళ్లి ప్రాసెసర్ల సంఖ్య పెంచమంటారు. ఆ బాక్స్ ఉన్నది పెంచడానికి కాదు, టెస్టింగ్ కోసం తగ్గించడానికి. టిక్ చేయకపోతే విండోస్ ఎలాగూ అన్ని కోర్లూ వాడుతుంది. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేయమంటారు. ఏ ఫైళ్లు ముందుగా చదవాలో విండోస్ నోట్స్ రాసుకునేది అక్కడే, అవి చించేస్తే తర్వాతి బూట్ ఇంకా స్లో. ఇక 'పీసీ బూస్టర్' సాఫ్ట్‌వేర్లు... చెల్లి ల్యాప్‌టాప్‌లో ఒకటి దొరికింది. స్టార్టప్ లిస్ట్‌లో హై ఇంపాక్ట్‌తో అదీ కూర్చుంది! స్టార్టప్‌లో ఏమేం దాక్కున్నాయో లోతుగా చూడాలనుకునేవాళ్లు మైక్రోసాఫ్ట్ వాళ్లదే సిస్‌ఇంటర్నల్స్ ఆటోరన్స్ వాడండి. అందులో ముందు మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచే ఆప్షన్ ఆన్ చేసుకుని, మిగిలిన వాటిని మాత్రమే చూడండి. టిక్ తీయండి, డిలీట్ మాత్రం చేయకండి.

ఫిబ్రవరిలో చెల్లికి ఇంకో కంపెనీ టెస్ట్ పడింది. పది గంటలకి. 9:57కి వాట్సాప్‌లో ఫొటో పంపింది, ల్యాప్‌టాప్ ఇంకా ఆఫ్‌లోనే ఉంది. తిట్టడానికి ఫోన్ చేసేలోపే రెండో ఫొటో వచ్చింది, లాగిన్ పేజీతో. టైమ్ 9:58.